ఆరు మిల్లీమీటర్లు తక్కువ

సానరాయి మీద రెండు చుక్కల నూనె వేసి, అరంగుళం ఉలిని వాలుగా ఆనించి, రెండు వేళ్ళతో అదిమి ముందుకు తోస్తున్నాడు. ఉలి ఎంతవరకు పదునెక్కిందో చప్పుడే చెబుతుంది. మొదట గరగరమంటుంది, తర్వాత సన్నగా సిర్రుమంటుంది, చివరికి ఏమీ వినపడదు. వినపడకపోతే అయిందన్నమాట. ఉలి ఎత్తి ముంజేతి మీద రెండు వెంట్రుకలు గీసి చూసుకున్నాడు. తెగాయి. నిన్నా తెగాయి. ఆ ముంజేయి ఇప్పటికే సగం నున్నగా ఉంది.

"దాన్ని ఇంకా ఎంత అరగదీస్తారు?" వంటింట్లోంచి భార్య అడిగింది. "ఇంకో రెండు నెలలు పోతే సూది అవుతుంది. బొత్తాలు కుట్టుకోవడానికి నాకిచ్చేయండి."

"పనిముట్టుకి పదునుండాలి."

"ఉండాలి సరే, పనేదీ?"

ఆయన ముప్పావంగుళం ఉలి అందుకున్నాడు.

రిటైరై ఆరు నెలలైంది. అంతకుముందు ముప్పై ఆరేళ్ళు ఇనుప పోతల కార్ఖానాలో నమూనాలు చేశాడు. ఇనుముతో ఏ వస్తువు పోత పోయాలన్నా ముందు దాన్ని చెక్కతో చెయ్యాలి. ఆ చెక్క నమూనాని ఇసుకలో పెట్టి, చుట్టూ ఇసుక గట్టిగా కూరి, పైకి తీస్తే దాని ఆకారంలో గుంట మిగులుతుంది. ఆ గుంటలో కరిగిన ఇనుము పోస్తారు. చెక్క ఎలా ఉంటే ఇనుము అలా వస్తుంది. చెక్క మీద గోటిగీత పడితే ఇనుము మీదా గోటిగీతే.

ఒక్క చిక్కుంది. చల్లారేటప్పుడు ఇనుము నూటికి ఒక వంతు దగ్గరకు ముడుచుకుంటుంది. అందుకని నమూనా ఆ ఒక వంతు పెద్దగా ఉండాలి. ప్రతిసారీ లెక్కలు వేస్తూ కూర్చుంటే తప్పులు దొర్లుతాయని ఈ పనివాళ్ళకి వేరే కొలబద్ద ఉంటుంది. చూడ్డానికి మామూలు బద్దలాగే ఉంటుంది, కానీ దాని మీద ఆరు వందలని రాసిన గీత నిజానికి ఆరు వందల ఆరు మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. కార్ఖానాలో దాన్ని పెద్దబద్ద అనేవాళ్ళు. మామూలు బద్ద పక్కన పెట్టి చూస్తే తప్ప తేడా తెలీదు. అందుకే ఈ పనిలోకి వచ్చినవాడికి మొదటిరోజు చెప్పేది ఒకటే. బల్ల మీద ఒక్క బద్దే ఉండాలి. రెండోది ఎంత అవసరమైనా సరే, గదిలోకే రాకూడదు.

కార్ఖానాలో అందరూ ఆయన్ని ఎదురుగా మేస్త్రీగారూ అనేవాళ్ళు, వెనకాల అరమిల్లీ అనేవాళ్ళు. అర మిల్లీమీటరు తేడా వచ్చినా నమూనా ఒప్పుకునేవాడు కాదు మరి. అంచుకి అతుకు పెట్టి సరిచేసిన నమూనా కంటపడితే అందరూ చూస్తుండగా పొయ్యిలో పడేసేవాడు. వీడ్కోలు సభలో మేనేజరు లేచి, ముప్పై ఆరేళ్ళలో ఈయన నమూనా వల్ల ఒక్క పోత కూడా చెడలేదన్నాడు. చప్పట్లు మోగాయి. ఒక మడతకుర్చీ ఇచ్చారు. దాని వెనక కాలొకటి రెండు మిల్లీలు పొట్టి. ఇంటికి తెచ్చిన రోజే దాన్ని సరిచేశాడు గానీ, అందులో కూర్చోవడం మాత్రం ఇప్పటికీ చేతకాలేదు.

చప్పట్లు కొడుతున్నంతసేపూ తలొంచుకునే ఉన్నాడు. వినయమనుకున్నారు.

ముప్పావంగుళం ఉలి సగంలో ఉండగా ఇసుక బావ వచ్చాడు.

ఇసుక బావ చుట్టమేమీ కాదు. కార్ఖానాలో ఇసుక అచ్చులు కట్టే మనిషి. ఈయన చేసిన నమూనాలన్నీ ముప్పై ఏళ్ళకు పైగా అతని చేతుల మీదుగానే ఇసుకలోకి దిగాయి. ఒకరినొకరు బావా అనుకోవడం ఎప్పుడు మొదలైందో ఇద్దరికీ గుర్తులేదు. అతనికి రిటైర్మెంటు ఇంకా రెండేళ్ళుంది. పనిరోజు పొద్దున్న పది గంటలకి అతను ఇంటికి రావడమే వింత.

"ఏం చెల్లెమ్మా, మా బావ ఇంట్లో నిన్ను కూడా కొలుస్తున్నాడా?" అంటూ లోపలికి వచ్చాడు.

"నన్ను కొలవాలంటే పెద్దబద్ద కూడా చాలదన్నయ్యా ఇప్పుడు," అందామె.

నవ్వాడు గానీ, ఆ నవ్వు మీసాల దగ్గరే ఆగిపోయింది. అరుగు మీద కూర్చుని చెప్పులు విప్పి, మళ్ళీ తొడుక్కున్నాడు.

"సెలవు పెట్టమన్నారు బావా. పెట్టమన్నారంటే పెట్టించారనుకో."

"ఎందుకు?"

"పంపు మూత."

ఆ రెండు మాటలకే ఈయన చేతిలో ఉలి ఆగిపోయింది.

నీళ్ళ పంపుకి బిగించే పొడుగాటి ఇనుప మూత అది. ఏడాదికి రెండుసార్లో మూడుసార్లో ఆర్డరు వస్తుంది. ఈయన రిటైరయ్యాక ఇదే మొదటిసారి. పోసిన మూతలు నాలుగూ పొట్టిగా వచ్చాయి.

"ఎంత పొట్టి?" అని అడిగాడు. అడగక్కర్లేదు. తెలుసు.

"ఆరు మిల్లీలు. నాలుగింటికి నాలుగూ అంతే. మళ్ళీ పోశాను. ఈసారి ఇసుక నేనే జల్లించుకున్నా, తడి నేనే చూసుకున్నా. ఊపిరి బిగబట్టి తీశా బావా నమూనాని, నిద్రపోయే పిల్లని పక్కమీద నుంచి ఎత్తినట్టు. మళ్ళీ ఆరే."

"ఏమంటున్నారు?"

"ఏమంటారు, వయసైపోయిందంటున్నారు. నమూనా తీసేటప్పుడు నా చెయ్యి వణికి ఇసుక అంచులు రాలుతున్నాయంట. రాలిన చోట ఇసుక అద్దేటప్పుడు లోపలికి తెచ్చేస్తున్నానంట. 'బాబాయ్, కళ్ళజోడైనా మార్చు, ఉద్యోగమైనా మార్చు' అన్నాడు ఫోర్‌మన్. అందరూ నవ్వారు. నిజమేనేమో. ఒకచోట అంచు రాలింది. అద్దాను. లేదని ఎలా అంటాను?"

"నమూనా కొలిచారా?"

"నమూనానా!" ఈసారి నిజంగానే నవ్వొచ్చింది అతనికి. "ఇప్పుడు నీ గది చూసుకుంటున్న ఆ డ్రాయింగు అమ్మాయి కొలుద్దామంది. ఫోర్‌మన్ ఏమన్నాడో తెలుసా? 'అరమిల్లీ చేసినదాన్ని కొలుస్తావా? అలాగే పన్లోపని, సూర్యుడు తూర్పునే వచ్చాడో లేదో కూడా చూసి రా' అన్నాడు. నేనూ అడ్డుపడ్డా బావా. నీ పని మీద మాట పడుతుంటే చూస్తూ కూర్చుంటానా?"

"అది కాదు..." అన్నాడు ఈయన. తర్వాతి మాట నాలిక చివరిదాకా వచ్చింది. అంతలో భార్య టీ గ్లాసులు తెచ్చి మధ్యలో పెట్టింది. ఆ మాట వచ్చిన దారినే వెనక్కిపోయింది.

ఇసుక బావ టీ తాగి, గ్లాసు కింద పెట్టి, రెండు చేతులూ ముందుకు చాపాడు. వేళ్ళు విప్పి అలాగే పట్టుకున్నాడు.

"నువ్వు ముప్పై ఏళ్ళు చూశావు వీటిని. ఎప్పుడైనా వణికాయా? నిజం చెప్పు."

"లేదు. ఇప్పుడూ వణకడం లేదు."

"నువ్వు మొహమాటానికి అంటావులే," అని లేచాడు.

అతను వెళ్ళాక ఆయన పనిముట్ల పెట్టె తెరిచాడు. పై అరలో ఉలుల పక్కన, మెత్తటి గుడ్డలో చుట్టిన రెండు సన్నటి చెక్కబద్దలున్నాయి. ఒక్కొక్కటీ మూడు మిల్లీల మందం, జానెడు పొడుగు. ఎర్రరంగు వేసి ఉన్నాయి.

ముప్పై ఒక్క ఏళ్ళ కిందటి మాట. అప్పుడు ఆయన పెద్దమేస్త్రీ కింద పనిచేసేవాడు. కొత్తగా పెళ్ళైంది. భార్యకి కుట్టుమిషను పెట్టుకోవడానికి బల్ల కావాలి. మధ్యాహ్నం తిండి గంటలో, పనికిరాని చెక్కలతో కార్ఖానాలోనే ఆ బల్ల చేద్దామని ఇంటి నుంచి మామూలు బద్ద తెచ్చుకున్నాడు. గంట కొట్టగానే బల్ల ముక్కలు పక్కకి తోసి, పంపు మూత నమూనా ముందుకు లాక్కున్నాడు. వెడల్పు పెద్దబద్దతో కొలిచాడు. పొడుగు కొలిచేటప్పుడు చేతికందిన బద్ద వేరేది.

మొదటి పోత ఆరు మిల్లీలు పొట్టిగా వచ్చినప్పుడు ఒక్క నిమిషంలో అర్థమైంది. చెప్పడానికి పెద్దమేస్త్రీ గదిదాకా వెళ్ళాడు. ఆ సమయానికి లోపల పెద్దమేస్త్రీ, అతుకు పెట్టిన నమూనా ఒకటి పట్టుకుని ఎవరినో కడిగేస్తున్నాడు. గుమ్మం దగ్గరనుంచే తిరిగొచ్చాడు. రెండు బద్దలు చీల్చి, నున్నగా తోపడం పట్టి, మూత నమూనా రెండు చివర్లకీ సన్న మేకులతో తగిలించి, సందుల్లో మైనం పూసి, పైన రంగు వేశాడు. పోత సరిగ్గా వచ్చింది. మొదటిసారి ఇనుము ఏదో తేడా చేసిందనుకున్నారు. నమూనా వెనక్కి రాగానే బద్దలు ఊడదీసి దాచాడు. అరల్లో నమూనాలని పెద్దమేస్త్రీ నెలనెలా వేలితో తడిమి చూసేవాడు, అతుకు చేతికి తగిలితే ఇంక అంతే. వచ్చే ఆర్డరుకి కొత్త నమూనా చేసేద్దామనుకున్నాడు.

వచ్చే ఆర్డరుకీ బద్దలే తగిలించాడు. ఆ పై ఆర్డరుకీ అంతే. కొత్తది చెయ్యాలంటే పాతదానికేమైందో కాగితం మీద రాయాలి. పెద్దమేస్త్రీ పోయాడు, ఈయనే మేస్త్రీ అయ్యాడు, అతుకుల్ని పొయ్యిలో వేసేవాడయ్యాడు. ఇక అప్పుడు చెప్పడం మరీ కుదరలేదు. పంపు మూత పోసే రోజున మాత్రం నమూనాని తనే ఎత్తుకెళ్ళి ఇచ్చి, అచ్చు కట్టేదాకా అక్కడే నిలబడి, తనే వెనక్కి తెచ్చుకునేవాడు. చూసినవాళ్ళు, పనంటే అంత ప్రాణం అనేవాళ్ళు.

రిటైరయ్యే రోజు పొద్దున్న డ్రాయింగు అమ్మాయికి చెప్పేద్దామనుకున్నాడు. ముందు సభ జరిగింది, ఆ చప్పట్ల తర్వాత చెప్పలేకపోయాడు.

ఇసుక బావ వచ్చి వెళ్ళిన తర్వాత తొమ్మిది రోజులు ఆయన ఉలులు ముట్టుకోలేదు. పొద్దున్నే చొక్కా వేసుకునేవాడు, వీధి చివరిదాకా వెళ్ళేవాడు, తిరిగొచ్చేవాడు. పాలు తెచ్చారా అని భార్య అడిగితే, తేలేదనేవాడు.

పదో రోజు భార్య కుట్టుమిషను దగ్గర కూర్చుని, తలెత్తకుండానే అంది. "పెట్టె పై అరలో ఆ రెండు బద్దలేంటో నేనెప్పుడూ అడగలేదు."

"ఊఁ."

"రిటైరైన రోజు పెట్టె ఇంటికి తెచ్చినప్పుడు చూశాను. పనిముట్లు ఎన్నో ఇచ్చేసి వచ్చారు. అవి మాత్రం గుడ్డలో చుట్టి తెచ్చుకున్నారు. అన్నయ్య వచ్చి వెళ్ళాక ఆ పెట్టె రోజుకి నాలుగుసార్లు తెరుస్తున్నారు."

చెప్పాడు. మొత్తం చెప్పడానికి పావుగంట కూడా పట్టలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు మోసిన సంగతి పావుగంటకి సరిపోయిందే అని ఆయనకే వింతగా అనిపించింది.

ఆమె మిషను చక్రం మీద చెయ్యి ఆన్చి ఆపింది. "అయితే ఈ బల్ల కోసమా?"

"బల్ల తప్పేముంది. తప్పు నాది."

"వెళ్ళి చెప్పేయండి. ఇప్పుడు మిమ్మల్ని ఉద్యోగంలోంచి తీసేదెవరు?"

"తీసెయ్యడానికి ఉద్యోగం లేదు. పేరొక్కటే ఉంది."

"ఆయన చేతులు పోతుంటే మీ పేరుంచుకుని ఏం చేస్తారు?" అని, మళ్ళీ కుట్టుకోవడం మొదలుపెట్టింది.

కార్ఖానాకి వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు కూడా మనసులో ఉన్నది చెప్పడం కాదు. బద్దలు చొక్కా లోపలి జేబులో ఉన్నాయి. నాలుగు సన్న మేకులు, కాస్త మైనం కూడా ఉన్నాయి. నమూనాల గదిలో ఐదు నిమిషాలు ఒంటరిగా దొరికితే, ఈసారి ఊడకుండా కొట్టేసి వచ్చేస్తే, రేపటి నుంచి మూతలు సరిగ్గా వస్తాయి. ఇసుక బావ చెయ్యి కుదుటపడిందనుకుంటారు. ఎవరికీ ఏ మాటా రాదు.

గేటు దగ్గర చీటీ రాయమన్నారు. వచ్చిన పని అన్న చోట ఏం రాయాలో తెలీక, "చూసి పోవడానికి" అని రాశాడు.

డ్రాయింగు అమ్మాయి ఎదురొచ్చింది. ముప్పై దాటిన మనిషి, కార్ఖానాలో అందరికీ అమ్మాయే. ఇప్పుడు నమూనాల గది ఆవిడ చేతిలోనే ఉంది. కంప్యూటరు మీద గీస్తే పక్కనున్న యంత్రం చెక్కని కోసేస్తుంది. పాత బల్ల ఉన్న చోట ఆ యంత్రం ఉంది.

"రండి మేస్త్రీగారూ! మీరొస్తే గది కళ గట్టింది. మీ నమూనాలేవీ కదపలేదండీ, ఎక్కడివక్కడే ఉన్నాయి."

"పంపు మూత ఒకసారి చూస్తాను."

తెచ్చి యంత్రం పక్కనున్న బల్ల మీద పెట్టింది. వెళ్ళలేదు. పక్కనే నిలబడింది, ఆయన ఏం చూస్తాడో తనూ చూసి నేర్చుకుందామన్నట్టు. జేబులో బద్దలు గుచ్చుకుంటున్నాయి.

"నీకు పనుంటే చూసుకోమ్మా."

"మీకంటే పనేముందండీ." గొంతు తగ్గించి అంది. "పాపం, ఇసుక బాబాయి నిన్న సాయంత్రం కాగితాల మీద సంతకం పెట్టేశాడు. తెలుసు కదా మీకు?"

"ఏం కాగితాలు?"

"ముందుగానే మానేస్తానని రాసిచ్చాడు. మేం వద్దంటే వినలేదు. 'నా చెయ్యి మీద నాకే నమ్మకం లేకపోయాక ఎందుకమ్మా' అన్నాడు. రెండేళ్ళుంది ఇంకా."

ఆయన బల్ల అంచు పట్టుకున్నాడు. నిన్న సాయంత్రం. నిన్న పొద్దున్న కూడా వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు ఆయన.

"ఫోర్‌మన్‌ని పిలువమ్మా," అన్నాడు. "పెద్దబద్ద తీసుకో. పొడుగు కొలువు."

ఫోర్‌మన్ నవ్వుతూ వచ్చాడు, ఏదో ముచ్చటకి పిలిచారనుకుని. ఆ అమ్మాయి బద్ద ఆనించి చూసింది. మళ్ళీ చూసింది. నమూనా అటు తిప్పి మూడోసారి ఆనించింది. తనే తప్పు చదివానేమోనని ఆవిడ మొహం ఎర్రబడింది.

"చదివింది చెప్పమ్మా."

"ఐదు వందల తొంభై నాలుగండీ."

"ఎంత ఉండాలి?"

"ఆరు వందలు."

ఆయన జేబులోంచి బద్దలు తీసి బల్ల మీద పెట్టాడు. ఎప్పటినుంచో, ఎలాగో చెప్పాడు. ఫోర్‌మన్ వెళ్ళి తలుపు దగ్గరకేసి వచ్చాడు.

"మేస్త్రీగారూ, మీరు పెద్దవారు. ఇప్పుడిదంతా ఎందుకండీ? అతను ఎటూ వెళ్ళిపోయాడు. ఈ రెండు ముక్కలూ అంటించేద్దాం. మన ముగ్గురి మధ్యా ఉంటుంది."

"నమూనాల పుస్తకం ఇవ్వు," అన్నాడు ఆయన.

పంపు మూత పేజీ తీసి, ఎవరి చేతా రాయించకుండా తనే రాశాడు. పొడుగు మామూలు బద్దతో కొలిచి చేసినది, ఆరు మిల్లీమీటర్లు తక్కువ, చేసినప్పటి నుంచీ తక్కువే, అచ్చు కట్టిన మనిషి తప్పు ఇందులో ఏమీ లేదు. కింద సంతకం పెట్టాడు. ముప్పై ఆరేళ్ళలో ఆ పుస్తకంలో ఎన్నోసార్లు పెట్టిన సంతకమే. ఈసారి మాత్రం కలం ఎక్కువ నొక్కుకుపోయి, వెనక పేజీకి అచ్చు దిగింది.

"దీన్ని పైకి పంపండి. అతని కాగితాలు ఆపండి."

ఫోర్‌మన్ అలాగే పంపాడు. కానీ కాగితాలు అప్పటికే దాటిపోయాయి. కావాలంటే రోజుకూలీ మీద రావచ్చని కబురు మాత్రం చెప్పించారు.

అక్కడినుంచి నేరుగా ఇసుక బావ ఇంటికి వెళ్ళాడు. అతని భార్య తలుపు తీసి, "రండన్నయ్యా, మీరైనా కాస్త చెప్పండి, అన్నం కూడా సరిగ్గా తినడం లేదు" అంది. అతను కిటికీ దగ్గర పీట మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో చేతులు, వెల్లకిలా.

కూర్చోకుండానే చెప్పాడు. బల్ల, రెండు బద్దలు, మైనం, రంగు. మధ్యలో ఎక్కడా తన తరఫున ఒక్క మాట చెప్పుకోలేదు.

ఇసుక బావ కిటికీలోంచి బయటికి చూశాడు. వీధిలో ఎవరిదో సైకిలు బెల్లు మోగుతూ పోయింది.

"నేను నీ ఇంటికి వచ్చానే. ఆ రోజు నీకు తెలుసా?"

"తెలుసు."

"ఈ చేతులు చాపి నిన్నడిగాను."

"అడిగావు."

"నాకు చెప్తే పోయేది కదయ్యా. ముప్పై ఏళ్ళలో ఎప్పుడు చెప్పినా, నవ్వి ఊరుకునేవాణ్ణి. బద్దలు నేనే తగిలించి ఇచ్చేవాణ్ణి." అతని గొంతు పెరగలేదు. "పది రోజులు వీటినే చూస్తూ కూర్చున్నా. పొద్దున్న లేచి గ్లాసుతో నీళ్ళు పట్టుకుని చూసుకునేవాణ్ణి, ఒలుకుతాయా లేదా అని. ఒలకలేదు. అయినా నమ్మలేదు. ఎందుకంటే నువ్వు చేసిన నమూనా తప్పవదు కదా, కాబట్టి ఇవే తప్పవ్వాలి."

"బావా..."

"వెళ్ళు."

"రోజుకూలీ మీదైనా..."

"కూలీకి రానంటున్నానా? వాళ్ళు రేపు ఇంకొకటి పొట్టిగా వస్తే ముందు నా చేతికేసే చూస్తారు. నేనూ చూసుకుంటాను. అది పోదు. నువ్వు పుస్తకంలో రాశావు, బాగానే ఉంది. దీన్లోంచి ఎలా తుడుస్తావు?" అని తల వైపు చూపించాడు. "వెళ్ళవయ్యా."

అతని భార్య అప్పుడే మంచినీళ్ళు తెస్తూ గుమ్మంలో ఆగిపోయింది. అవి తాగకుండానే బయటికి వచ్చాడు.

మర్నాడు డ్రాయింగు అమ్మాయి ఫోను చేసింది. కొత్త మూత యంత్రం మీద పెడతానంది, మధ్యాహ్నానికల్లా అయిపోతుంది.

"తెలుసమ్మా. నాకు పది రోజులు టైమిస్తావా? నేను చేసిస్తాను. పైసా ఇవ్వక్కర్లేదు. సరిలేకపోతే నీ యంత్రం ఉండనే ఉంది."

ఆవిడ ఫోర్‌మన్‌ని అడిగి చెబుతానంది, అంతలోనే అడగకుండానే "సరేనండీ, పది రోజులు" అంది. మంచి చెక్క తనే పంపించింది, రెండేళ్ళు ఆరిన పలకలు.

అరుగు మీద పని మొదలైంది. పలకలు అతికించి, బిగించి, ఒక రోజంతా ఆరనిచ్చాడు. తోపడం పట్టాడు. సన్నటి చెక్కసుళ్ళు వీధిలోకి ఎగిరితే భార్య చీపురుతో వెనకే తిరిగింది. ఎకసెక్కంగా ఒక్క మాట అనలేదు. ఆమె ఊరుకోవడమే ఆయనకి ఎక్కువ తగిలింది. మధ్యలో టీ ఇచ్చినప్పుడు ఒకసారి, "నడుం నొప్పా?" అని అడిగింది. అవునన్నాడు. నొప్పి నడుంలో లేదని ఇద్దరికీ తెలుసు.

చెయ్యి పాత అలవాటు ప్రకారమే పోతోంది. కళ్ళు మాత్రం వెనకటిలా లేవు, గీత మీద ఉలి పెట్టేటప్పుడు తలని బాగా దించాల్సి వస్తోంది. నాలుగో రోజు ఒక మూల పెచ్చు లేచింది. ఒకప్పుడైతే దానికి చిన్న చెక్క అతికి రంగు కింద దాచడం రెండు నిమిషాల పని. ఆ పలక మొత్తం తీసేసి మళ్ళీ కొత్తది మొదలుపెట్టాడు. ఎప్పుడో యువకుడిగా ఉన్నప్పుడు చెయ్యాల్సిన పని ఇది. అప్పుడైతే మూడు రోజుల్లో అయ్యేది, ఎవరికీ ఏమీ పోయేది కాదు.

ఎనిమిదో రోజు సాయంత్రం ఇంటి ముందు ఎవరో ఆగినట్టైతే తలెత్తాడు. ఇసుక బావ. లోపలికి రాలేదు. అరుగు కిందనే నిలబడి నమూనాకేసి చూశాడు. చెయ్యి చాపి, బొటనవేలు పక్కంచు మీద పెట్టి, ఒక చివర నుంచి రెండో చివరదాకా నెమ్మదిగా జరిపాడు. మూల దగ్గర వేలు ఆగింది.

"ఇక్కడ వాలు చాలదు మేస్త్రీ," అన్నాడు. "నాకైతే ఫరవాలేదు, ఇసుకలోంచి ఎలాగో తీసేసేవాణ్ణి. ఇప్పుడు తీసేది కొత్తవాడు. ఇసుక రాలిపోతుంది."

బావా అనలేదు, మేస్త్రీ అన్నాడు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి.

"ఎంత పెట్టమంటావు?"

"అర మిల్లీ."

అంతే. వచ్చినంత నిదానంగానే వెళ్ళిపోయాడు. భార్య లోపలినుంచి "అన్నయ్యా, టీ" అంటూ వచ్చేసరికి అతను వీధి మలుపు తిరిగాడు. ఆమె ఆ గ్లాసు ఆయన పక్కన పెట్టింది.

ఆయన దీపం వెయ్యకముందే ఆ మూల పని పూర్తి చేశాడు. నాలుగు మూలలకీ అర మిల్లీ చొప్పున.

పదో రోజు పొద్దున్న నమూనాని ఆటోలో పెట్టుకుని కార్ఖానాకి వెళ్ళాడు. రంగు వెయ్యలేదు, పలచటి పాలిషు మాత్రం పట్టాడు. కింద చెక్క, పలకల అతుకులు, గీతలు అన్నీ కనిపిస్తున్నాయి. గేటు చీటీలో వచ్చిన పని అన్నచోట "పంపు మూత నమూనా ఇవ్వడానికి" అని రాశాడు.

డ్రాయింగు అమ్మాయి, ఫోర్‌మన్, కొత్తగా అచ్చులు కట్టే మనిషి ఉన్నారు. ఫోర్‌మన్ నమూనాని ఎత్తి అరలో పెట్టబోయాడు.

"కొలవండి," అన్నాడు ఆయన.

"మీరు చేశారుగా, ఇంకా..." అని ఫోర్‌మన్ మధ్యలోనే ఆగిపోయాడు.

ఆ అమ్మాయి పెద్దబద్ద తీసింది. ఒక్కో కొలతా పైకి చదివింది, ఫోర్‌మన్ డ్రాయింగుతో సరిచూశాడు. వెడల్పు. మందం. మూలల వాలు. వాలు డ్రాయింగులో ఉన్నదానికంటే అర మిల్లీ ఎక్కువుందని ఆగింది.

"అది అలాగే ఉండాలి. అచ్చు కట్టేవాళ్ళు అడిగింది," అన్నాడు.

చివరికి పొడుగు. బద్ద ఆనించి, వంగి, కన్ను దగ్గరగా పెట్టి చూసింది.

"ఆరు వందలు."

పుస్తకంలో రాసి సంతకం పెట్టింది. పాత నమూనా మీద అడ్డంగా సుద్దగీత గీసి పక్కన పెట్టారు. కొత్త మనిషి రెండు చేతులూ చాపాడు. ఆయన నమూనాని వాటిలో పెట్టి, బరువు అటువైపు పూర్తిగా దిగేదాకా పట్టుకుని, వదిలేశాడు.